లాకు దగ్గర లస్కరు: హాల్లో కంప్యూటరుని రిమోటుతో లేపడం

(అమలాపురంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగానికి రాత ప్రతి. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. ఆ చివర ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆయ్, సరే.

నేను లెక్చరర్ని కాదండి. టీవీలు, కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. "ఏదైనా సైన్సు సంగతి చెప్పండి మాస్టారూ" అని పిలిచారు. నాకు తెలిసిన సైన్సంతా మా ఇంట్లో టీవీ బల్ల కింద అరలో ఉంది. అంచేత దాని గురించే చెప్తాను.

మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. కొబ్బరి దింపు రోజున ఇప్పటికీ తోటలో కుర్చీ వేసుకుని కాయలు లెక్కపెడతారు గానీ, మోకాళ్లు అరిగిపోయి వంగడం మాత్రం కుదరదు. ఆయన దగ్గర పాతికేళ్లపాటు పోగేసిన హరికథల క్యాసెట్లు, చుట్టాల పెళ్లి వీడియోలు, మా తాతగారు మాట్లాడిన ఒకే ఒక్క క్యాసెట్టు ఉన్నాయి. వాటన్నిటినీ నేను ఓ పాత కంప్యూటర్లోకి ఎక్కించి, దాన్ని హాల్లో టీవీకి తగిలించాను. టీవీకేమో రిమోటు ఉంది. కంప్యూటరు బటన్ మాత్రం నేలకి జానెడు ఎత్తులో ఉంది. నాలుగు రోజులు వంగారు. అయిదో రోజు నన్ను పిలిచి, "ఒరే, టీవీకి రిమోటుంది, ఏసీకి రిమోటుంది, ఆఖరికి ఫ్యానుక్కూడా రిమోటొచ్చింది. ఈ డబ్బాకొక్కదానికీ వంగి దణ్ణం పెట్టాలా?" అన్నారు.

పూట పని అనుకున్నానండి. వానాకాలం అంతా పట్టింది.

ముందు ఒక చిక్కు ప్రశ్న. కంప్యూటరు ఆఫ్‌లో ఉంది. మీరు రిమోటు నొక్కారు. ఆ నొక్కినట్టు ఎవరికి తెలియాలి? కంప్యూటరుకే కదా. అది ఆఫ్‌లో ఉందిగా మరి? నిద్రపోయేవాణ్ణి లేపచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అని సామెత. కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి ఇది తిరగబడుతుందండి. అది చచ్చిపోయినట్టు నటిస్తుంది, నటిస్తోంది కాబట్టే మనం దాన్ని లేపగలుగుతున్నాం.

పాత కంప్యూటర్లు నటించేవి కాదు. తొంభైల్లో కంప్యూటరు సెంటర్లలో నేర్చుకున్నవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. ముందు భాగంలో టక్కుమని లోపలికి దిగే పెద్ద స్విచ్చి. దాని వెనకాల 230 ఓల్టుల వైరు నేరుగా వచ్చేది. విండోస్ 95 మూశాక నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలతో "ఇక నిర్భయంగా ఆపుకోవచ్చు" అన్న అర్థంలో ఓ మాట పడేది. అప్పుడు మనం చేత్తో టక్కుమనిపించాలి. స్విచ్చి తీస్తే నిజంగానే తీసినట్టు. లోపల ఒక్క చుక్క కరెంటు మిగిలేది కాదు. అలాంటి పెట్టెని రిమోటుతో లేపాలంటే మెయిన్ కరెంటు దగ్గర రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చి, పెట్టుకోవడం తప్ప దారి లేదు.

1995లో ఇంటెల్ వాళ్లు ఏటీఎక్స్ అనే పద్ధతి తెచ్చారు. మదర్‌బోర్డు, దానికి కరెంటిచ్చే సప్లై డబ్బా ఎలా ఉండాలో చెప్పే పద్ధతి అది. ఆ తర్వాత 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే కట్టుబాటు విడుదల చేశాయి. ఆపడం, నిద్రపుచ్చడం, లేపడం ఇవన్నీ ఇకమీదట విండోస్ లాంటి సిస్టమ్ చేతుల్లో ఉంటాయని దాని సారాంశం. 1996 డిసెంబరు అంటే మనకి ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. నవంబరు 6న తుపాను. కరెంటు స్తంభాలు, కొబ్బరిచెట్లు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. మనం లాంతర్లు తుడుచుకుంటున్న రోజుల్లో అక్కడెవరో కంప్యూటరు ఎలా పడుకోవాలో రాసుకుంటున్నారన్నమాట. సర్లెండి.

ఏటీఎక్స్ సప్లైలో వచ్చిన మార్పుల్లో మనకి ముఖ్యమైంది ఒక్క వైరు. ఊదా రంగు వైరు. ఇప్పటి సప్లైల్లో వైర్లన్నీ నల్లగానే వస్తున్నాయి కాబట్టి రంగు నమ్ముకోకండి, పెద్ద కనెక్టరులో 9వ పిన్ను అని గుర్తుపెట్టుకోండి. గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆఫ్ చేసినా సరే, ఆ పిన్ను మీద 5 ఓల్టులు ఉంటాయి. స్టాండ్‌బై అంటారు.

దీన్ని మన కాలువ భాషలో చెప్తానండి. వేసవిలో కాలువ కట్టేస్తారు కదా. నీళ్లుండవు, పిల్లలు అడుగున క్రికెట్ ఆడుకుంటారు. చూసేవాడికి కాలువ చచ్చిపోయినట్టే. కానీ లాకు దగ్గర, అంటే కాలువ నీరు ఆపే తలుపుల దగ్గర, లస్కరు అనే కాపలా మనిషి ఉంటాడు. ఆయన ఇల్లక్కడే, ఉద్యోగమక్కడే. కబురొచ్చిందంటే వెళ్లి షట్టరు ఎత్తుతాడు. ఎత్తే మనిషి ఒక్కడు, తర్వాత వచ్చేది గోదావరి. ఆ ఊదా వైరు లస్కరు జీతమండి. దాని మీద బతికే చిన్న చిప్పు మదర్‌బోర్డు మీద మేలుకునే ఉంటుంది. మీరు ముందు బటన్ నొక్కితే జరిగేదల్లా రెండు పిన్నులు ఒకదానికొకటి తగలడమే. అది లస్కరు చూస్తాడు. ఆకుపచ్చ వైరుని ఎర్తుకి లాగుతాడు. అదీ షట్టరు. అప్పుడు సప్లై పూర్తిగా లేచి 12 ఓల్టులు, 5 ఓల్టులు, 3.3 ఓల్టులు వదులుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి. ఓల్టేజీలు కుదుటపడ్డాక బూడిదరంగు వైరు మీద "నీళ్లు సమంగా వచ్చాయి" అని కబురు వెళ్తుంది. అప్పుడుగానీ ప్రాసెసరు మొదలవదు.

ఆపడం కూడా అంతే. నడుస్తున్నప్పుడు అదే బటన్ ఓసారి తాకి వదిలితే అది ఆజ్ఞ కాదు, అర్జీ. సిస్టమ్ ఆ అర్జీ తీసుకుని, తెరిచిన ఫైళ్లు మూసి, తనే ఆగిపోతుంది. అదే బటన్ నాలుగు సెకన్లకు పైగా నొక్కిపట్టారనుకోండి, అర్జీ లేదు గిర్జీ లేదు, షట్టరు దభీమని పడిపోతుంది. ఈ నాలుగు సెకన్ల సంగతి కాస్త మనసులో పెట్టుకోండి. నా పరువు అక్కడే పోయింది.

ఇప్పుడు రిమోటు సంగతి. దీని ముందు కొసన ఉన్న బల్బుని మీ ఫోను కెమెరాలోంచి చూస్తూ ఏదో ఒక బటన్ నొక్కండి. సెల్ఫీ కెమెరా అయితే మంచిది, వెనక కెమెరాకి కొన్ని ఫోన్లలో వడపోత ఉంటుంది. ఆఁ, చూశారా? వంగపువ్వు రంగులో మిణుకుమిణుకుమంటోంది. మన కంటికి కనపడదు. ఎరుపు దాటిన వెలుగు, తరంగదైర్ఘ్యం సుమారు 940 నానోమీటర్లు. రిమోటు పాడైందా, సెల్లు అయిపోయిందా అని నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మందికి నేను చేసే పరీక్ష ఇదే. ఇప్పుడు రహస్యం చెప్పేశాను, రేపట్నుంచి బేరం ఉండదు. (నవ్వులు)

ఈ వెలుగు మామూలుగా వెలిగి ఆరితే సరిపోదా అంటే, సరిపోదండి. 1955లో అమెరికాలో జెనిత్ అనే కంపెనీ సరిగ్గా అలాంటి రిమోటే అమ్మింది. చిన్న టార్చిలైటులాంటిది. టీవీ తెర నాలుగు మూలలా వెలుగుని పసిగట్టే కళ్లు పెట్టారు. ఏ మూల మీద వెలుగు కొడితే ఆ పని. బాగానే ఉంది గానీ ఎండ పడితే టీవీ దానంతటదే ఛానెళ్లు మార్చేసేది. మరుసటి ఏడే వాళ్లు వెలుగు మానేసి శబ్దంలోకి, మన చెవికి వినపడని శబ్దంలోకి దిగారు.

మళ్లీ వెలుగులోకి వచ్చాక ఆ తప్పు దిద్దుకున్నారు. రిమోటు వెలుగు సెకనుకి 38 వేల సార్లు కొట్టుకుంటుంది. ఎండ అలా కొట్టుకోదు, దీపం అలా కొట్టుకోదు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఎంత గోలుంటుందో తెలుసుగా. అంత గోలలోనూ తప్పిపోయిన పిల్లాడు "అమ్మా" అంటే తల్లికి వినపడుతుంది. ఆ తల్లి చెవి ఇదిగోండి, ఈ మూడు కాళ్ల నల్లబిళ్ల. టీఎస్ఓపీ 1738 అంటారు. చివరి 38 అంటే ఆ 38 కిలోహెర్ట్జులే. ఈమధ్య దాని బదులు టీఎస్ఓపీ 38238 వస్తోంది. చూడ్డానికి అక్కచెల్లెళ్లు, కాళ్ల వరస మాత్రం వేరు. పాతదానికి ఎర్తు, కరెంటు, సిగ్నలు వరసలో ఉంటే కొత్తదానికి సిగ్నలు, ఎర్తు, కరెంటు. నేను చూసుకోకుండా ఒకదాని చోట ఇంకొకటి అతికించి రెండు బిళ్లలు కాల్చుకున్నాను.

ఆ కొట్టుకునే వెలుగుని ముక్కలు ముక్కలుగా పంపుతారు, అదీ సంకేతం. ఎన్ఈసీ అనే వరస మన దగ్గర ఎక్కువ. మొదట 9 మిల్లీసెకన్ల పెద్ద కేక, దాని తర్వాత నాలుగున్నర మిల్లీసెకన్ల మౌనం, ఆ తర్వాత 32 చిన్న కూతలు. కూత కూతకీ మధ్య ఎడం తక్కువైతే సున్నా, ఎక్కువైతే ఒకటి. ఈ 32లో తెలివి ఏమిటంటే, చిరునామా ఒకసారి, దాన్నే తలకిందులు చేసి ఇంకోసారి, బటన్ నంబరు ఒకసారి, దాన్నీ తలకిందులు చేసి ఇంకోసారి పంపుతారు. దింపులో మనం బండెక్కినవెన్ని, తోటలో మిగిలినవెన్ని అని రెండు లెక్కలూ రాసుకోమా? రెండూ కలిపితే మొత్తానికి పొసగాలి. పొసగకపోతే మళ్లీ మొదట్నుంచీ లెక్క. ఇదీ అంతే.

సోనీ వాళ్ల వరస వేరు, ఫిలిప్స్ వాళ్లది వేరు, వాటి జోలికి ఇవాళ వెళ్లను.

సరే, చెవి దొరికింది, భాష దొరికింది. దీన్ని కంప్యూటరుకి ఎలా కలపాలి? రెండు దారులున్నాయండి. ఒకటి, బజార్లో దొరికే యూఎస్బీ రిసీవరు. గుచ్చితే చాలు, కంప్యూటరు దాన్ని కీబోర్డనుకుంటుంది. సినిమా ముందుకు, వెనక్కి, ఆపు, నడుపు, అన్నీ రిమోటుతో అయిపోతాయి. ఆ పనులకి నేనూ ఇప్పటికీ అదే వాడతాను. లేపడానికి కూడా పనికొస్తుంది, కంప్యూటరు నిద్రలో ఉన్నంతవరకు. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద "ఇది కంప్యూటరుని లేపచ్చు" అన్న గడిలో టిక్కు పెట్టాలి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఈఆర్‌పీ అని ఒక గడి ఉంటుంది, అది తీసేయాలి. ఐరోపావాళ్లు ఆఫ్‌లో ఉన్న పరికరం 2010 నుంచి 1 వాటు, 2013 నుంచి అర వాటు మించి తాగకూడదని చట్టం చేశారు. ఆ గడి ఆన్‌లో ఉంటే మదర్‌బోర్డు లస్కరు దగ్గర ఒక్క బటన్ పని ఉంచి, మిగతా జీతమంతా కోసేస్తుంది. యూఎస్బీ రిసీవరు ఆకలితో చస్తుంది. మంచి చట్టమే, నేను కాదనను. మనకి అడ్డం, అంతే.

కానీ నిద్ర వేరు, పూర్తిగా ఆపడం వేరు. నిద్రలో మెమరీకి కరెంటు అందుతూ ఉంటుంది. రెండు మూడు వాట్లు తాగినా నెలకి రెండు యూనిట్లు. అదేమంత పెద్ద ఖర్చు కాదు. గొడవెక్కడంటే మన కరెంటు. మధ్యాహ్నం ఓసారి పోయి వచ్చిందంటే నిద్ర కాస్తా మరణం అవుతుంది. పైగా కొన్ని మదర్‌బోర్డుల్లో ఇంకో గుణం ఉంది. గోడ దగ్గర కరెంటు పోయి వచ్చాక, ఒకసారి చేత్తో బటన్ నొక్కి పూర్తిగా నడిపిస్తేనేగానీ యూఎస్బీ మాట వినవు. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ నాన్నగారు వంగాలి. రోజుకి ఎన్నిసార్లు పోతుందో మీకే తెలుసు.

అంచేత రెండో దారి పట్టాను. నా లెక్కలో మన ప్రాంతానికి అదొక్కటే దారి. కంప్యూటరుకి రిమోటు సంగతి తెలియనే అక్కర్లేదు. ఎవరో వచ్చి వేలితో బటన్ నొక్కారని అది అనుకుంటే చాలు. బోర్డేదైనా, సిస్టమ్ ఏదైనా, కరెంటు ఎన్నిసార్లు పోయొచ్చినా, బటన్ మాత్రం తప్పకుండా పనిచేస్తుంది. కనక మనం తయారుచేయాల్సింది వేలు.

ఆ వేలికి మూడు ముక్కలు. వినడానికి టీఎస్ఓపీ. ఆలోచించడానికి ఎనిమిది కాళ్ల చిప్పు ఒకటి, ఏటీటైనీ 85. నొక్కడానికి పీసీ 817, నాలుగు కాళ్లది. చెవీ వేలూ కలిపి రెండు కొబ్బరి బొండాల ఖరీదుకి అటూ ఇటూ. మన ఊరి ధర కాదండి, హైదరాబాదు ధర. (నవ్వులు) ఆలోచన ఖరీదు కాస్త ఎక్కువ, ఎక్కడైనా అంతే కదా.

ఈ పీసీ 817 అంటే నాకు ముచ్చట. పూర్వం వంతెనలు లేనప్పుడు రాత్రిపూట రేవు దగ్గర లాంతరు ఊపితే అవతలి ఒడ్డున పడవవాడు చూసి కదిలేవాడని మా తాతగారు చెప్పేవారు. మనిషి ఏరు దాటలేదు, వెలుగు దాటింది. ఈ బిళ్ల లోపల ఇవతల ఒడ్డున చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపం, అవతల ఒడ్డున దాన్ని చూసి కదిలే ట్రాన్సిస్టరు. మధ్యలో వైరు లేదు. నా చేతి పనిలో ఏదైనా తప్పున్నా ఆ తప్పు ఈ దారిన బటన్ పిన్నుల్లోకి ఏరు దాటి వెళ్లదు. దీపం ముందు 470 ఓములు రెసిస్టరు పెడితే సరిపోతుంది. ట్రాన్సిస్టరు వైపు మాత్రం దిక్కు చూసుకోవాలి, దాని రెండు కాళ్లలో ఒకటి కలెక్టరు, ఇంకొకటి ఎమిటరు. బటన్ పిన్నుల్లో ఒకటి ఎర్తు, ఇంకొకదాని మీద మూడో అయిదో ఓల్టులుంటాయి. మల్టీమీటరుతో చూసి కలెక్టరుని ఓల్టులున్న పిన్నుకి, ఎమిటరుని ఎర్తుకి వేయాలి. పాత బటన్ తీసెయ్యక్కర్లేదు, దానికి సమాంతరంగా ఇదీ ఉంటుంది.

ఇక నా పరాభవాలు చెప్తాను.

మొదటిది. వేలుకి 5 ఓల్టులు కావాలి కదా అని, ఎర్ర వైరు దొరికితే దానికి తగిలించేశాను. ఎర్ర వైరులో 5 ఓల్టులే, కాదని ఎవరంటారు? రిమోటు నొక్కితే కంప్యూటరు చక్కగా ఆగింది. మళ్లీ నొక్కాను. లేవదు. ఎలా లేస్తుంది? ఎర్ర వైరు కాలువ నీరు, లాకు మూయగానే ఎండిపోయింది. వేలు కూడా దాంతోపాటే చచ్చింది. నాన్నగారు చూసి, "పడుకోబెట్టడమే వచ్చురా దీనికి, లేపడం రాదు" అన్నారు. అప్పుడు ఊదా వైరుకి మార్చాను. ఇప్పుడైతే వైరు కూడా కొయ్యను. ఆఫ్ చేశాక కూడా ఫోను ఛార్జి అయ్యే యూఎస్బీ పోర్టు ఏదుందో చూసుకుని, అందులోంచే తీసుకుంటాను.

రెండోది దెయ్యం. చిప్పులో నేను మొదట రాసిన ప్రోగ్రాం బద్ధకపు ప్రోగ్రాం. 32 కూతలూ ఎవరు లెక్కపెడతారని, టీఎస్ఓపీ ఏం విన్నా బటన్ నొక్కెయ్ అని రాశాను. తల్లి చెవి ఎంత మంచిదైనా ఒక్కోసారి పక్కింటి పిల్లాడు ఏడ్చినా లేస్తుంది కదండీ. మా హాల్లో సీఎఫ్ఎల్ బల్బు లోపలి సర్క్యూటు కూడా వేల సార్లు కొట్టుకునేదే. రాత్రి రెండు గంటలకి అమ్మ మంచినీళ్లకి లేచి ఆ లైటు వేసింది. టీవీ బల్ల కింద నీలం దీపం వెలిగి, గర్రుమని ఫ్యాను తిరిగింది. మూడు రాత్రులు వరసగా. నాలుగో రోజు పొద్దున్న లేచి చూస్తే కంప్యూటరుకి పసుపు, కుంకుమ, మీద నిమ్మకాయ. (నవ్వులు) ఆ రోజే కూర్చుని ప్రోగ్రాం మొత్తం తిరగరాశాను. తిన్నగానూ తలకిందులుగానూ లెక్క పొసిగితేనే, అదీ నేను చెప్పిన బటన్ అయితేనే. దెయ్యం పోయింది. అమ్మ మాత్రం నిమ్మకాయ వల్లే పోయిందంటుంది.

మూడోది ఆ నాలుగు సెకన్ల సంగతి. రిమోటు బటన్ నొక్కినంతసేపూ వేలు కూడా నొక్కిపట్టేలా రాశాను. నాకు బాగానే పనిచేసింది, ఎందుకంటే నేను టక్కున నొక్కి వదిలేస్తాను. నాన్నగారు అలా కాదు. టార్చిలైటు పట్టుకున్నట్టు తెర మీద బొమ్మ కనిపించేదాకా వదలరు. మనం పట్టుకున్నంతసేపూ రిమోటు సెకనుకి తొమ్మిదిసార్ల చొప్పున "ఇంకా నొక్కే ఉన్నాడు, ఇంకా నొక్కే ఉన్నాడు" అని కబురు పంపుతూనే ఉంటుంది. కంప్యూటరు లేచింది, నాలుగు సెకన్లయింది, ఠపీమని చచ్చింది. మళ్లీ నొక్కారు, లేచింది, చచ్చింది. "దీనికి దమ్ము లేదురా" అన్నారు. అదీ చుట్టాల ఎదుట. అప్పట్నుంచి ఎంతసేపు పట్టుకున్నా వేలు సెకనులో అయిదో వంతు మాత్రమే తాకుతుంది. తర్వాత మూడు సెకన్లు చెవులు మూసుకుంటుంది.

నాలుగోది పరాభవం కాదు, ఇంటి గుట్టు. ఒక్కోరోజు రిమోటు పనిచేసేది, ఒక్కోరోజు చేసేది కాదు. వారం వెతికాను. అమ్మ పండగకని బల్ల మీద నర్సాపురం లేసు గుడ్డ పరిచింది. అది ముందుకి వేలాడి సరిగ్గా టీఎస్ఓపీ కన్ను మీద పడింది. లేసులో పువ్వు అడ్డమొస్తే పనిచెయ్యదు, చిల్లు ఎదురొస్తే పనిచేస్తుంది. ఫ్యాను గాలికి గుడ్డ కదిలితే అదృష్టం. గుడ్డ తియ్యమని అడిగే ధైర్యం ఎవరికుంది? మూడు వైర్లు లాగి కన్నుని పైకి, టీవీ అంచుకి తెచ్చి అతికించాను. వైరు పొడుగైంది కాబట్టి బిళ్ల కాళ్ల దగ్గరే కరెంటుకీ ఎర్తుకీ మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి పెట్టాను. లేకపోతే పొడుగు వైరు చెత్తంతా మోసుకొస్తుంది. సముద్రానికి దగ్గరున్న ఊళ్లవాళ్లు ఇంకోటి కూడా చెయ్యాలి. అతికిన చోటల్లా పారదర్శకమైన వార్నిష్ పూయండి. ఉప్పుగాలికి రాగి కిలుం పట్టడం మన దగ్గర ఏడాది పని కాదు, నెలల పని.

ఇంతవరకు లేపడం. అసలు తలనొప్పి వేరే ఉందండి. అది లేచి ఉందో పడుకుని ఉందో రిమోటుకి తెలియదు. మొదట్లో తెలివిగా, టీవీ పవర్ బటన్ సంకేతాన్నే వేలుకీ నేర్పాను. ఒక్క నొక్కుకి రెండూ లేస్తాయి, ఇంకో నొక్కుకి రెండూ పడుకుంటాయి. రెండు రోజులు రాజభోగం. మూడో రోజు కరెంటు పోయి వచ్చింది. టీవీ ఆఫ్‌లో కూర్చుంది. కంప్యూటరుకేమో బయోస్‌లో "కరెంటు వచ్చాక ముందున్న స్థితిలోకి" అని పెట్టి ఉంది, అది లేచింది. నాన్నగారు నొక్కారు. టీవీ లేచింది, కంప్యూటరు పడుకుంది. మళ్లీ నొక్కారు. కంప్యూటరు లేచింది, టీవీ పడుకుంది. తగువు పడ్డ తోడికోడళ్లలాగ ఒకరు వంటింట్లోకొస్తే రెండోవారు పెరట్లోకి. ఎన్నిసార్లు నొక్కినా ఇద్దరూ ఒకచోట కూర్చోరు.

ఒకే బటన్‌తో లేపడం, ఆపడం రెండూ అనేదే పాపం. టీవీలన్నీ అలాగే చేస్తాయి కాబట్టి మనకి అలవాటైపోయింది. ఇద్దరు మనుషులున్న చోట అది నడవదు. మూల పడి ఉన్న పాత డిష్ రిమోటు ఒకటి తీశాను. పచ్చ బటన్ అంటే లే. ఎర్ర బటన్ అంటే పడుకో. అంతే. లేచి ఉన్నప్పుడు పచ్చ నొక్కితే ఏమీ జరగకూడదు. దానికోసం వేలికి కంప్యూటరు లేచి ఉందో లేదో తెలియాలి. ఇందాక తిట్టిన ఎర్ర వైరు ఇక్కడ పనికొచ్చింది చూడండి. అందులో 5 ఓల్టులుంటే లేచి ఉన్నట్టు, లేకపోతే పడుకున్నట్టు. 10 కిలోఓముల రెసిస్టరు గుండా చిప్పు కాలికి కలిపాను. కాలువలో నీరుందో లేదో లస్కరు కర్ర ముంచి చూసినట్టు. ముందు ప్యానెల్ దీపం వైరు కూడా వాడచ్చంటారు గానీ, నిద్రలో అది చాలా బోర్డుల్లో మినుకుతుంటుంది. చిప్పు తికమకపడుతుంది, నాకు నచ్చలేదు.

కరెంటు పోయొచ్చాక ఏం చెయ్యాలన్న దానికి బయోస్‌లో ఇప్పుడు "ఆఫ్‌లోనే ఉండు" అని పెట్టాను. నా సలహా కూడా అదే. మన కరెంటు ఒక్కసారి వచ్చి ఊరుకోదు, వచ్చి, పోయి, మళ్లీ వచ్చి నిలబడుతుంది. ప్రతిసారీ లేవబోయి పడిపోతే హార్డ్ డిస్క్ ఎన్నాళ్లుంటుంది?

వెనక వరసలోంచి ఒకాయన: ఇన్వర్టరు ఉందిగా మాస్టారూ, పోదుగా?

మంచి ప్రశ్నండి. ఇన్వర్టరు ఉన్నా కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంటుంది కొందరికి. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టరు అందుకునేదాకా ఓ రెప్పపాటు ఖాళీ. కంప్యూటరు సప్లై తన లోపల దాచుకున్నదాంతో 16, 17 మిల్లీసెకన్లు లాక్కురాగలదు. మీ ఇన్వర్టరు వెనకాల చిన్న స్విచ్చి ఉంటుంది, యూపీఎస్ అనో నార్మల్ అనో. నార్మల్‌లో ఉంటే అది నెమ్మదిగా అందుకుంటుంది, ఫ్యాన్లకీ లైట్లకీ అది చాలు. యూపీఎస్‌లో పెడితే తొందరగా అందుకుంటుంది. అయితే యూపీఎస్‌లో పెట్టాక ఓల్టేజీ కాస్త తగ్గినా బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. వేసవి సాయంత్రాలు లో ఓల్టేజీ ఉండే ఊరైతే బ్యాటరీ అరుగుతుంది. మీ ఊరి సంగతి మీరే చూసుకోవాలి.

ముందు వరసలోంచి ఒకమ్మాయి: ఇంత కష్టమెందుకండీ, స్మార్ట్ ప్లగ్ పెట్టి ఫోనుతో ఆపుకోవచ్చు కదా?

లేపడానికైతే ఫరవాలేదమ్మా. బయోస్‌లో "కరెంటు రాగానే లే" అని పెడితే లేస్తుంది. ఆపడం దగ్గరే చిక్కు. అది అర్జీ పెట్టదు, కాలువకి గండి కొట్టినట్టు మెయిన్ కరెంటే తీసేస్తుంది. రాస్తున్న ఫైలు సగంలో ఉంటుంది. మా తాతగారి గొంతు ఉన్నది ఒక్క క్యాసెట్టే, దాన్ని ఎక్కించింది ఆ డిస్కులోకే. అంచేత నేను పెట్టను. ముందు మామూలుగా షట్‌డౌన్ చేసి, తర్వాత ప్లగ్ తీసే ఓపికుంటే పెట్టుకోవచ్చు.

అదే అమ్మాయి: రాస్ప్‌బెరీ పై అని అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరుంది కదా, అదైతే?

అది ఇంకా సుఖం. అది నడుస్తున్నంతసేపూ చాలావరకు హెచ్‌డీఎంఐ తీగలోంచే టీవీ రిమోటు మాట వింటుంది, సీఈసీ అంటారు. మామూలు కంప్యూటర్ల గ్రాఫిక్స్ కార్డుల్లో ఎక్కువవాటికి ఆ చెవి లేదు, అందుకే ఈ తంటా. కొత్తగా కొనేవాళ్లకి నేను పై కొనుక్కోమనే చెప్తాను. ఉన్న పాత పెట్టెని పారెయ్యలేనివాళ్లకి ఈ వేలు.

ఇంకొకాయన: మరి మీ నాన్నగారికిప్పుడు ఒకటే రిమోటా?

(నవ్వి) రెండండి. టీవీది, ఇదీ. రెండూ కలిపి రబ్బరు బ్యాండు వేసుకున్నారు. టీవీ సంకేతం కూడా ఈ చిప్పుతోనే పంపిద్దామని నేనంటే, "వద్దు, నువ్వు మళ్లీ వానాకాలం అంతా కూర్చుంటావు" అన్నారు.

సరే, మూత తీసిన పెట్టె ఈ బల్ల మీద పెట్టాను. పాత డిష్ రిమోటు పక్కనే ఉంది. ఒక్కొక్కరే వచ్చి నొక్కి చూడండి, ఎంతసేపు పట్టుకున్నా ఫరవాలేదు. మల్టీమీటరు కూడా ఉంది, 9వ పిన్ను మీద పెట్టి చూడండి, పెట్టె ఆఫ్‌లో ఉండగానే 5 చూపిస్తుంది. ఆ మూల ఇనప డబ్బా ఉందే, సప్లై, దాని మూత మాత్రం ముట్టుకోకండి. ప్లగ్ తీసేసినా కాసేపు లోపల కెపాసిటర్లలో దెబ్బ కొట్టేంత ఉంటుంది. పిల్లల్ని కాస్త ఇటువైపు నుంచి రానివ్వండి, ఆ వైరు కాలికి తగులుతోంది.